మాంసం మానేస్తే ప్రాణాలు నిజంగా మిగులుతాయా? ఒక పర్లాకిమిడి ఇంటి లెక్క

మీరడిగింది ఇదీ. కార్తీకంలో మానేసిన మాంసం, చేప ఇక మళ్లీ ముట్టకూడదని ఇంట్లో నలుగురూ అనుకున్నారు. మీ బావమరిదేమో "వరి పొలంలో ఎలుకలు చావట్లేదా, పాల కోసం దూడలు చావట్లేదా, మీ నలుగురూ మానేస్తే ఛాడఖాయి (కార్తీకం ముగిసిన మర్నాడు మళ్లీ మాంసం మొదలుపెట్టే రోజు) నాడు పర్లాకిమిడి బజారులో ఒక్క కోడైనా తగ్గుతుందా?" అని ఆట పట్టిస్తున్నాడు. మాఘంలో చెల్లెలి పెళ్లికి బరంపురం పట్టు కొనొచ్చా అన్నది చివర తగిలించిన ప్రశ్న. అంతకు ముందు మీ ఇంట్లో వారానికి కిలోన్నర చికెన్, నెలకో కిలో మేక మాంసం, అప్పుడప్పుడు చేప, ఎండు నెత్తళ్లు వండేవారని కూడా రాశారు.

ఆయన వేసినవి మంచి ప్రశ్నలే. జవాబులు మాత్రం ఆయన అనుకున్న వైపు రావు.

ముందు ఒక అపోహ తీసేద్దాం. దుకాణం ముందు జాలీ పెట్టెలో ఉన్న కోడిని మీరు కాపాడలేరు. మీరు కొనకపోతే సాయంత్రానికి ఇంకొకరి సంచిలోకి పోతుంది. మీవల్ల తగ్గేది రెండు నెలల తర్వాత షెడ్డులో దిగాల్సిన పిల్ల. హేచరీలో గుడ్డు 21 రోజులు పొదుగుతుంది, పిల్ల షెడ్డులో 35 నుంచి 42 రోజులు పెరిగి రెండు కిలోలు తూగుతుంది. ఎన్ని గుడ్లు పెట్టాలి, ఎన్ని పిల్లలు దింపాలి అన్నది కంపెనీలు మొన్నటి అమ్మకం, నిన్నటి రేటు చూసుకునే తేలుస్తాయి. కాబట్టి ఇక్కడ ప్రాణం మిగలడమంటే, నలభై రోజులకే కత్తికి వెళ్లాల్సిన బతుకు ఒకటి అసలు మొదలు కాకపోవడం. అది మీకు "కాపాడటం"గా అనిపించకపోతే ఈ లెక్కలన్నీ మీకు అనవసరం. అనిపిస్తే చదవండి.

రెండు కిలోల కోడిని తోలు తీసి కొట్టిస్తే చేతికొచ్చేది కిలో 300 గ్రాములు, మహా అయితే కిలో 400. వారానికి కిలోన్నర అంటే ఏడాదికి 78 కిలోలు, అంటే సుమారు 58 కోళ్లు. షెడ్డులో నూటికి నాలుగైదు పిల్లలు మధ్యలోనే పోతాయి, వాటినీ కలిపితే 60. మేక సంగతి వేరు. మన వైపు గొల్లలు తిప్పే గంజాం మేకల్లో పాతిక కిలోల పోతును కోస్తే పది, పన్నెండు కిలోల మాంసం వస్తుంది. నెలకో కిలో తినే ఇంటికి ఏడాదికి ఒక్క మేక చాలు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. "ఎర్ర మాంసం ఒంటికి మంచిది కాదు, పాపం కూడానూ" అని మేక మాని కోడికి మారిన ఇంట్లో ప్రాణాల లెక్క ఏడెనిమిది రెట్లు పెరుగుతుంది.

చిన్న చేపకు మారితే ఇక చెప్పక్కర్లేదు. కిలో ఎండు నెత్తళ్లకు పచ్చివి మూడున్నర, నాలుగు కిలోలు కావాలి. ఒక్కోటి రెండు మూడు గ్రాములే కాబట్టి కిలో సంచిలో వెయ్యికి పైనే ప్రాణాలుంటాయి. చెరువులో పెరిగిన కిలో బరువు బొచ్చె ఒక్కటే ప్రాణం, అదీ ఎక్కువగా తవుడూ చెక్కా తిని పెరిగింది. వనామీ రొయ్య అలా కాదు. కిలోకు ముప్పై నలభై తూగుతాయి, పైగా వాటి మేతలో చేపపిండి ఉంటుంది, అంటే ఇంకెక్కడో పట్టిన చిన్న చేపలు. సముద్రపు ట్రాలర్ వలకు మరో ఖర్చు ఉంది. ఋషికుల్య నది ముఖద్వారం దగ్గర గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గాలి పీల్చడానికి పైకి రావాలి. వలలో ఇరుక్కుంటే ఊపిరాడక చస్తాయి. అందుకే అక్కడ నవంబరు 1 నుంచి మే 31 వరకు తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు వేట నిషేధం. వలలో కడ్డీల జల్లెడ, పక్కనే తాబేలు జారిపోయే దారి పెట్టించాలన్న నిబంధన కూడా అందుకే. మన దగ్గర ఒడియా బ్రాహ్మణ భోజనాల్లో చేప మామూలే, తెలుగు బ్రాహ్మణ ఇళ్లలో అదే అపచారం. ఎవరి ఆచారం వారిది గానీ, ప్రాణాలు లెక్కపెట్టేటప్పుడు మాత్రం మొదట మానాల్సింది నెత్తళ్లు, చిన్న రొయ్య, ఆ తర్వాత కోడి. మేక చివర.

"ఒక్క ఇల్లు మానితే బజారులో తేడా వస్తుందా" అన్నదానికి రెండు మాటలు. దుకాణదారు కోళ్లను ఒకటొకటిగా తెప్పించడు, పెట్టెల లెక్కన దింపించుకుంటాడు. పెట్టెకు పది అనుకోండి. మీరు ఒక కోడి మానితే తొమ్మిదిసార్లు ఏమీ జరగదు, పదోసారి మాత్రం ఒక పెట్టె మొత్తం ఆగుతుంది. ఏ సారి అన్నది మీకు తెలియదు, కాబట్టి సగటున ఒకటికి ఒకటే పడుతుంది. పూర్తిగా ఒకటి కాదు లెండి. మీరు మానితే రేటు పిసరంత పడుతుంది, ఆ రేటుకు ఇంకొకరు కొంచెం ఎక్కువ కొంటారు. అమెరికా మార్కెట్‌కు ఈ లెక్క కట్టిన వ్యవసాయ ఆర్థికవేత్తలు బెయిలీ నార్వుడ్, జేసన్ లస్క్ కిలో చికెన్ మానితే ఉత్పత్తి 0.76 కిలో, కిలో గుడ్లు మానితే 0.91 కిలో, కిలో పాలు మానితే 0.56 కిలో తగ్గుతాయన్నారు. అక్కడి అంకెలు ఇక్కడ అచ్చంగా సరిపోవు గానీ, దారి మాత్రం ఇదే. అరవైలో నలభై అయిదు తగ్గాయనుకుంటే మీకు వచ్చే నష్టమేమీ లేదు.

కార్తీకం సంగతి వేరేగా చూడాలి. నెలంతా, ముఖ్యంగా చివరి అయిదు రోజుల పంచుకంలో, కొంగ కూడా చేప ముట్టదంటారు ఒడియావాళ్లు. మర్నాడు ఛాడఖాయి. ఏటా తప్పకుండా వచ్చే తగ్గుదల కాబట్టి హేచరీలు రెండు నెలల ముందే గుడ్లు తగ్గించి పెడతాయి. కానీ ఛాడఖాయి గిరాకీకి సరిపడా పిల్లలు కూడా కార్తీకం మొదలయ్యేనాటికే షెడ్డుల్లో ఉంటాయి. అంచనా తప్పి నిలిచిపోయిన కోడి బతికిపోదు, ఇంకో వారం మేత తిని రెండున్నర కిలోలై వెళ్తుంది. మేకైతే పుట్టడానికి అయిదు నెలలు, పెరగడానికి దాదాపు ఏడాది. ఒక నెల గిరాకీ పడిపోతే యజమాని మందను తగ్గించడు, పోతును ఇంటి దగ్గర ఇంకో నెల కట్టేస్తాడు. అందుకే నెల రోజులు గట్టిగా మాని ఛాడఖాయి నాడు రెండు కిలోలు తెచ్చుకునే ఇంటికంటే, ఏడాది పొడవునా వారానికి సగమే తెచ్చుకునే ఇంటివల్ల తగ్గేదే ఎక్కువ. పుణ్యం సంగతి నన్నడగకండి.

ఇప్పుడు గుడ్డు. మాంసం మానిన ఇళ్లలో పిల్లల కోసమని గుడ్డు ఉంచుకోవడం మామూలే. లేయర్ కోడి 18-20 వారాలకు పెట్టడం మొదలుపెట్టి ఏడాదికి పైగా పెడుతుంది, మొత్తం మూడు వందల చిల్లర. గుడ్లు తగ్గగానే మాంసానికి అమ్మేస్తారు. దాంతోపాటు పుట్టిన మగపిల్ల గుడ్డు పెట్టదు, బ్రాయిలర్‌లా పెరగదు. దాన్ని చాలావరకు హేచరీలో మొదటి రోజే తీసేస్తారు. కాబట్టి మూడు వందల గుడ్లకు రెండు ప్రాణాలు. నలుగురూ రోజుకో గుడ్డు తింటే ఏడాదికి 1,460 గుడ్లు, సుమారు పది ప్రాణాలు. అరవై కాస్తా పది అయింది. సున్నా కాలేదు, అలాగని ఏమీ కాదనీ అనలేం.

పాల దగ్గర మీ బావమరిది మాటలో బలం ఉంది, అందుకే ఇక్కడ కొంచెం ఆగాలి. గేదె ఈనితేనే పాలు, ఈనిన వాటిలో సగం మగ. 2019 పశుగణనలో దేశం మొత్తం మీద ఆడ గేదెలు పది కోట్ల పైచిలుకు ఉంటే మగవి కోటి కూడా లేవు. పుట్టుకలో సగం సగం ఉన్నవి లెక్కకొచ్చేసరికి ఎక్కడికి పోయాయో వేరే చెప్పక్కర్లేదు. కొన్ని మాంసానికి పోతాయి. చాలా దూడలు కత్తిదాకా కూడా వెళ్లవు. మొదటి మూడు నెలల్లో పాలు అందక, కడుపులో ఏలికపాములు పడి, పారుడు తగిలి, కొట్టంలోనే పోతాయి. ట్రాక్టరు వచ్చాక దున్నకు పని లేదు. జెర్సీ సంకరపు కోడెదూడకు మూపురం లేదు, కాడి నిలవదు, ఎండకు ఆగదు. ఒడిశాలో ఆవు వధ మీద 1960 నుంచీ చట్టం ఉంది గానీ, పాలు తాగనివ్వకుండా కట్టేసిన దూడను ఏ చట్టమూ చూడదు. దూడ చనిపోతే గేదె చేపదు. అందుకని దూడ తోలులో గడ్డి కుక్కి ముందు నిలబెట్టి పిండేవాళ్లూ ఉన్నారు, ఇంజెక్షన్ పొడిచేవాళ్లూ ఉన్నారు.

ఇది మీ ఇంటికి ఎంత పడుతుందో చూద్దాం. నాటు గేదె ఈతకు సుమారు 1,300 లీటర్లు ఇస్తుందనుకుంటే రెండు ఈతలకు, అంటే 2,600 లీటర్లకు, ఒక మగదూడ. గేదె అయిదు ఈతలు ఈని సంతకు పోతుందనుకుంటే 6,500 లీటర్లకు అదొకటి. మీరు రోజుకో లీటరు పాలు ఎలాగూ వాడుతున్నారు. మాంసం మానాక వారానికి అరకిలో పన్నీరు, నెలకో కిలో నెయ్యి అదనంగా చేరాయనుకుందాం. పన్నీరు కిలోకు గేదె పాలు అయిదారు లీటర్లు, నెయ్యి కిలోకు సుమారు పదిహేను. ఏడాదికి అదనపు పాలు 325 లీటర్ల దాకా. ఈ అదనం మీద ఎనిమిదేళ్లకు ఒక మగదూడ, ఇరవై ఏళ్లకు ఒక గేదె. ఆ ఎనిమిదేళ్లలో మీరు మానింది 480 కోళ్లు. ఒక దూడకు ఎన్ని కోళ్లు సమానమో చెప్పే తక్కెడ నా దగ్గర లేదు. కానీ "పాలు తాగేవాడూ మాంసం తినేవాడూ ఒకటే" అనడానికి ఈ అంకెలు ఒప్పుకోవు.

పాలు మానలేకపోతే ఎవరి దగ్గర పోయించుకుంటున్నారో అక్కడ ఒకసారి దూడను చూడండి. వెంట్రుక నిగనిగలాడకుండా ముళ్లలా లేచి, పొట్ట మాత్రం కుండలా ఉండి, మట్టి నాకుతుంటే కడుపులో ఏలికపాములున్నట్టు. గేదె దూడకు ఇవి తల్లి పాలలోంచే సంక్రమిస్తాయి. 10-14వ రోజున పైపరజీన్ మందు తాగిస్తే ఈ చావుల్లో చాలా ఆగుతాయి, మోతాదు బరువును బట్టి పశువైద్యుడు చెప్తాడు. అంతకంటే ముందుది జున్నుపాలు. తల్లి కడుపులో ఉండగా దూడకు రోగనిరోధక శక్తి అందదు, అంతా జున్నుపాలలోనే రావాలి. దూడ పేగు దాన్ని పీల్చుకునే శక్తి గంట గంటకూ తగ్గి ఒక రోజులో మూసుకుపోతుంది. పుట్టిన గంట రెండు గంటల్లోపు మొదటిసారి, ఆ రోజు మొత్తం మీద బరువులో పదో వంతు, అంటే 25-30 కిలోల దూడకు రెండున్నర, మూడు లీటర్లు పట్టాలి. మొదటి పూట పాలు పిండి జున్నుకు అమ్మేసే చోట మగదూడ పని ఆ రోజే అయిపోయినట్టు. మీకు జున్ను ఇష్టమైతే దూడ తాగాక మిగిలిన రెండో రోజు పాలు అడగండి. గట్టిగా ముక్కలా గడ్డకట్టదు, అంతే తేడా. పశువుల ఆసుపత్రిలో ఆడదూడలే పుట్టే వీర్యం ఇప్పుడు దొరుకుతోంది, నూటికి తొంభై దాకా పెయ్యలే. చూలు నిలవడం మామూలు దానికంటే కొంచెం తక్కువ కాబట్టి ఆరోగ్యంగా ఉన్న తొలిచూలు, మలిచూలు పశువులకే వేయించుకోవడం మేలు. మీ పాల రైతుకు ఈ మాట చేరవేస్తే, మీరు ఒక ఏడాది పన్నీరు మానిన దానికంటే ఎక్కువ పని అవుతుంది.

ఇక పొలం. ఈ వాదన ఊళ్లో పుట్టింది కాదు. 2003లో అమెరికాలోని ఒరెగాన్‌లో పశుశాస్త్ర ఆచార్యుడు స్టీవెన్ డేవిస్, పంట పొలాల్లో ఎకరాలకు ఎకరాలు దున్ని కోసేటప్పుడు చచ్చే చిన్న జంతువుల్ని లెక్కేస్తే, గడ్డి మేసే పశువును తినడమే తక్కువ హింస అని రాశాడు. అదే ఏడాది గావెరిక్ మాథెనీ అనే పరిశోధకుడు అందులో తప్పు పట్టుకున్నాడు. డేవిస్ ఎకరానికి ఎన్ని చావులో పోల్చాడు గానీ, ఆ ఎకరం ఎంతమందికి తిండి పెడుతుందో చూడలేదు. ఒక హెక్టారు పంట ఇచ్చే మాంసకృత్తులు గడ్డి మేసే పశువు మాంసం నుంచి రావాలంటే పది హెక్టార్లు కావాలి. డేవిస్ వాడుకున్న ఇంగ్లండ్ పరిశీలన ఒకటి ఇంకా ఆసక్తికరం. మెడకు రేడియో కట్టిన 33 పొలం ఎలుకల్లో కోత యంత్రం కింద చచ్చింది ఒక్కటే. పైరు పోయి దాక్కునే చోటు లేక గుడ్లగూబల్లాంటి వేటగాళ్ల నోట పడ్డవి 17. వాటిని అన్నం తిన్నవాడి ఖాతాలో రాయాలో, గుడ్లగూబ ఖాతాలో రాయాలో ఇప్పటికీ తేలలేదు.

మన లెక్కకు వద్దాం. అన్నం మీరు రెండు రకాలుగానూ తింటారు, కాబట్టి వరిలో చచ్చే ఎలుకలు ఇటూ అటూ సమానమే. మారేది కూర. 78 కిలోల చికెన్‌లో ఉన్నంత మాంసకృత్తులకు పప్పు 65 కిలోలు కావాలి. 58 కోళ్లు తినే మేత ఒక్కోటి 3.3 కిలోల చొప్పున 190 కిలోలు. అందులో సగానికి పైన మొక్కజొన్న, నవరంగ్‌పూర్ వైపు పండేలాంటిది, మిగతాది ఎక్కువగా సోయా చెక్క. బరువులో మూడు రెట్ల తేడా. కానీ భూమిలో అంత తేడా రాదని ఒప్పుకోవాలి. మొక్కజొన్న ఎకరాకు టన్నుల్లో పండుతుంది, కొండల్లో కంది మూడు నాలుగు వందల కిలోలు దాటదు. కందిపప్పే తింటే పొలం చావులు దాదాపు సమం, కోడి మానినందుకు మిగిలేది కోళ్లే.

దీన్ని మీ వైపు తిప్పుకునే దారి ఒకటుంది. వరి కోతకు ముందే పదును మీద చల్లేసే మినుము, పెసర వాడండి. గంజాం, గజపతి, శ్రీకాకుళం మాగాణుల్లో పాత అలవాటే. దానికి మళ్లీ దున్నడం లేదు, కొత్త భూమి లేదు. మెట్టలో ఉలవలూ అంతే, పురుగు మందు చుక్క పడకుండా పండుతాయి. కందిపప్పు సగానికి తగ్గించి ఆ సగం ఇవి పెట్టుకుంటే చాలు.

మీకు సొంత పొలం ఉంటే విషపు ఎరకంటే ముందు గట్లు చూడండి. వెడల్పు గట్టు పందికొక్కుకు ఇల్లు కట్టించినట్టే, అడుగు వెడల్పుకు చెక్కితే బొరియ నిలవదు. చుట్టుపక్కల రైతులు అందరూ ఒకే పదిహేను రోజుల్లో నాట్లు వేస్తే ఎలుకకు ఒక మడి నుంచి ఇంకో మడికి పొట్ట దశ దొరుకుతూ పోదు, ఈతలు తగ్గుతాయి. ఒక్కడే ముందో వెనకో నాటితే ఊరి ఎలుకలన్నీ అతని మడిలోనే. గుడ్లగూబ వాలడానికి టీ ఆకారపు కర్రలు పాతాలి, గింజ పాలు పోసుకునే దశ దాటాక మాత్రం పీకేయాలి, లేదంటే వాటి మీద గింజ తినే పిట్టలు వాలతాయి. అడవిపంది కోసం కరెంటు తీగకు కొక్కెం తగిలించి చేను చుట్టూ లాగడం మాత్రం అన్నిటికంటే ఘోరం. అది చట్టరీత్యా నేరం, పందితోపాటు లఖారీ అభయారణ్యం వైపు నుంచి దిగే ఏనుగూ, రాత్రి నీళ్లు కట్టడానికి వెళ్లిన మనిషీ పోతారు. సౌర కంచె సెకనుకొకసారి క్షణకాలం కొట్టి వదిలేస్తుంది, జంతువు అదిరి వెనక్కి తిరుగుతుంది, చావదు. బరంపురం దాటాక భేట్‌నయి, బాలిపదర్ ఊళ్లలో వేల కృష్ణజింకలు పైరులో పడి మేస్తాయి. అవి వస్తే వానలొస్తాయని రైతులు వాటి మీద చెయ్యి వేయరు. పొలంలో చావు ఎంత అన్నది పంటను బట్టే కాదు, గట్టు మీద నిలబడ్డ మనిషిని బట్టి కూడా ఉంటుంది.

పట్టు గురించి. మల్బరీ పట్టుకాయల్ని లోపల పురుగు ఉండగానే ఆవిరి పట్టి లేదా ఎండబెట్టి చంపుతారు, అది రెక్కల పురుగై కాయను తొలుచుకు వస్తే పోగు తెగిపోతుంది కాబట్టి. కిలో ముడి పట్టుకు ఏడు కిలోల దాకా కాయలు, అంటే నాలుగు వేల పైన. ఉడికిస్తే జిగురు పోయి నాలుగో వంతు బరువు తగ్గుతుంది. అర కిలో పట్టు ఉన్న చీరకు రెండున్నర వేలకు పైనే పురుగులు పడతాయి. పురుగునూ కోడినీ ఒకే గాటన కట్టాలా అన్నది మీ ఇష్టం. కట్టేట్టయితే హైదరాబాదుకు చెందిన కుసుమ రాజయ్య రూపొందించిన అహింసా పట్టు రకం ఉంది. పురుగు బయటికి వెళ్లాక మిగిలిన కాయను దూదిలా వడుకుతారు, అందుకే నూలు కొంచెం గరుకుగా, మెరుపు తక్కువగా ఉంటుంది, ధర ఎక్కువ. బరంపురం పట్టుకు ఉండే ఆ తళతళ, గుడి గోపురాల అంచు దానిలో అంత తీరుగా కుదరదు. చెల్లెలికి కొనేముందు ఒకసారి ఒంటి మీద వేసి చూపించండి, పెళ్లిలో కట్టుకునేది ఆమె కదా.